నూట పదిహేడు, రెండో సగం

అయినా ప్లాస్టిక్ ట్వీజర్‌లోంచి పలక జారిపోతుంటే ఎవడైనా ఏం చేస్తాడు, అని ఆర్విడ్ కోస్కి మళ్ళీ మొదటికి వచ్చాడు. రెండు సెకన్లు. అంతకంటే పట్టలేదు. చేతికి అందిన దానితో పట్టుకున్నాడు, పెట్టెలో పెట్టాడు, మూత వేశాడు. ఐదేళ్ళ కిందటి రెండు సెకన్లు ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటుంటే గుర్తుకు రావడమేమిటి? గుర్తుకు రావడం కూడా కాదు. ఇంట్లో ఫ్రిజ్ మోత లాంటిది. ఏదో ఒక పొద్దున చెవిన పడుతుంది, ఇంతకాలమూ మోగుతూనే ఉందని అప్పుడు తెలుస్తుంది.

చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పారదర్శకమైన స్ట్రా ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. గీతలు లేవు, మరకలు లేవు. చొక్కా గుండీలో సగమంత ఉన్న గాజులాంటి పలకను ప్లాస్టిక్ ట్వీజర్‌తో ఎత్తి, స్ట్రాలోకి జార్చి, మధ్యకు వచ్చేదాకా చిటికెన వేలితో తట్టాడు. లక్షల డాలర్ల అయస్కాంత మాపకంలో ఆఖరికి పలకను పట్టుకునేది సోడా తాగే స్ట్రాయే. దానంత శుద్ధమైన వస్తువు మరొకటి దొరకదు. ఊళ్ళో హోటళ్ళన్నీ కాగితపు స్ట్రాలకు మారిపోయాక ఆర్విడ్ తన బల్ల కింద ఆఖరి పెట్టెను కోడి గుడ్లను పొదిగినట్టు కాపాడుకుంటున్నాడు.

బల్లపైన గోడకు అతను ఎప్పుడో రాసి అంటించిన అట్ట ఉంది: "ఇక్కడ ఇనుము నిషేధం. నీ రక్తంలో ఉన్నది తప్ప."

డులూత్‌లో ఆ మాట రాయడమే ఒక హాస్యం. కిటికీలోంచి చూస్తే సరస్సు, సరస్సు ఒడ్డున ఇనుప ఖనిజం నింపుకోవడానికి వచ్చిన ఓడ. ఆర్విడ్ తండ్రి ఆ రేవులోనే పనిచేశాడు. సాయంత్రం ఇంటికి వస్తే వరండాలోనే బట్టలు విప్పించేది అమ్మ. అయినా స్నానాలగదిలో నీళ్ళు ఎర్రగానే పారేవి. ఊరంతా ఇనుము. అందులో ఈ ఒక్క గదిని, యూనివర్సిటీ ల్యాబు టెక్నీషియన్‌గా, ముప్ఫై ఏళ్ళుగా ఆర్విడ్ ఇనుము అంటకుండా కడుగుతూ వస్తున్నాడు.

"పెద్దాయనా, స్ట్రా పెట్టెకి తాళం ఇంకా వెయ్యలేదా?"

గుమ్మంలో జూలియన్ బ్రాండ్. పిహెచ్‌డి అయ్యాక రెండేళ్ళుగా ఈ ల్యాబులో పనిచేస్తున్నాడు. న్యూట్రాన్ కేంద్రం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినట్టున్నాడు, గడ్డం మాసింది, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి.

"వారం రోజులుగా దొంగ ఊళ్ళో లేడు కదా. తాళం దేనికి?"

"దొంగ ఏం పట్టుకొచ్చాడో చూస్తే హారతి పడతావు. జరుగు, జరుగు." ల్యాప్‌టాప్‌ను బల్లమీద పెట్టబోయి, ఆర్విడ్ చూపు చూసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది నా పలక. ఇది కూడా నాదే. ఇప్పుడు దీన్ని చూడు."

తెర మీద చుక్కల గుండా ఒక గీత వంపు తిరిగి కిందికి దిగుతోంది. మధ్యలో, ఉండవలసిన చోట, ఒక చిన్న మూపురం. ఈ ల్యాబు పదేళ్ళుగా వెతుకుతున్నది ఆ మూపురాన్నే. రెండు ఆక్సైడ్ పొరలు, ఒక్కొక్కటి ఆరు అణువరుసల మందం. విడిగా దేన్ని కొలిచినా అయస్కాంత గుణం లేదు. ఒకదానిమీద ఒకటి పేర్చితే, రెండూ తాకే హద్దు దగ్గర మాత్రం, అది పుడుతుంది. పుడుతుందని అనుకున్నారు. ఆర్విడ్ మాపకం పలక మొత్తానికి ఒక లెక్క చెబుతుంది తప్ప, ఆ గుణం లోపలి హద్దులో ఉందా, అంచుకు అంటిన ఇనుప మరకలో ఉందా చెప్పలేదు. న్యూట్రాన్లు చెబుతాయి.

"శుభ్రంగా ఉంది," అన్నాడు ఆర్విడ్.

"అన్నిట్లోకీ శుభ్రమైంది ఇదే. ఎవరిదో చెప్పుకో."

"నీదే అయ్యుంటుంది."

"నాది కాదు. అక్కడ మనకిచ్చిన బీమ్ టైమ్‌లో రెండు గంటలు మిగిలాయి, డబ్బాలో పాతది ఏదో ఉంటే పెట్టేశా. నూట పదిహేడు. రెండో సగం." జూలియన్ నవ్వాడు. "తుప్పు రాణిది."

ఆర్విడ్ స్ట్రాను మాపకం కడ్డీకి తగిలించబోతున్నాడు. అది ఒకసారికి తగులుకోలేదు.

"ఆ పేరు నీకెవరు చెప్పారు? నువ్వు అప్పటికి ఇక్కడ లేవుగా."

"అందరూ అంటారుగా. ఏంటి, నిజం పేరు వేరే ఉందా?"

"డెలియా," అన్నాడు ఆర్విడ్. "డెలియా రెంటెరియా."

టెక్సస్ ఎండల్లోని ఎల్ పాసో నుంచి వచ్చిన అమ్మాయి. మొదటి చలికాలం ఒకదానిమీద ఒకటి రెండు కోట్లు వేసుకుని తిరిగేది. ఈ భవనంలో అందరూ అందరినీ పేరు పెట్టి పిలుస్తారు. ఆమె మాత్రం ఎన్నిసార్లు చెప్పినా "మిస్టర్ కోస్కి, మీరు" అనేది.

బుధవారం పది గంటలకు ప్రొఫెసర్ మార్గిట్ హాల్వర్సన్ గదిలో ముగ్గురూ కూర్చున్నారు. మార్గిట్ నారింజపండు ఒలుస్తోంది. తొక్క తెగకుండా ఒకే చుట్టుగా తీయడం ఆమె అలవాటు. అది పూర్తయ్యేదాకా ఎవరూ ముఖ్యమైన మాట ఎత్తరు. ఆర్విడ్ ఆ తొక్కనే చూస్తున్నాడు. తెగితే బాగుండునని అనుకుంటున్నట్టు కొంతసేపటికి గ్రహించాడు. తెగితే ఏమవుతుంది? ఏమీ కాదు. మాట ఇంకాస్త ఆలస్యమవుతుంది.

"శుక్రవారం మధ్యాహ్నానికి పత్రికకి వ్యాసం పంపేస్తున్నాం," అంది మార్గిట్. "జపాన్ వాళ్ళు వెనకే ఉన్నారు. జూలియన్, మూడో బొమ్మలో ఆ నూట పదిహేడును తీసెయ్."

"అదే మన బెస్ట్ కర్వ్, మార్గిట్."

"కలుషితమైన పలక అది. అయస్కాంతత్వం గురించిన వ్యాసంలో ఇనుము అంటిన పలకను పెడతావా? మొదటి పరిశీలకుడే మనల్ని ఉతికి ఆరేస్తాడు."

"ఇనుము అంటింది మొదటి సగానికి. ఇది రెండోది."

"రెండూ ఒకరి చేతిలోవే కదా." మార్గిట్ లేచి అరలోంచి లాగ్‌బుక్కు తీసింది. పద్నాలుగో పుస్తకం. పేజీ కూడా వెతకలేదు. దారం పెట్టి ఉంది. "ఇదిగో. పలక: నూట పదిహేడు, కోత. పట్టినవారు: డి.ఆర్. సాధనం: ప్లాస్టిక్. ప్లాస్టిక్ అని రాయించి స్టీలుతో పట్టుకుంది. ఒక సగానికి చేసిన మనిషి రెండోదానికి చెయ్యలేదని నేనెలా నమ్మను? ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు. కానీ పుస్తకంలో ఉన్నది అది."

ఆ వరుసలోని అక్షరాలు ఆర్విడ్‌వి. ల్యాబులో వరుసలన్నీ అతనే రాస్తాడు కాబట్టి చేతిరాతను ఎవరూ పట్టించుకోరు. అతని పద్ధతి ఒకటుంది: పొద్దున కాఫీ తాగుతూ ఆ రోజు జరగబోయే పనులన్నిటికీ వరుసలు ముందే నింపేస్తాడు. పలక ఎవరిదైతే పట్టేదీ వాళ్ళే, వాడేది ప్లాస్టిక్కే. ముప్ఫై ఏళ్ళలో అలాగే జరిగింది. ఆ రోజు డెలియా పక్కగదిలో కొలిమి దగ్గర ఉంది; పిలిస్తే వచ్చేది. అతను పిలవలేదు. వజ్రపు మొనతో గీత గీసి తనే విరిచాడు. రెండో సగం చక్కగా పెట్టెలోకి వెళ్ళింది. మొదటి సగం ప్లాస్టిక్ కొనల మధ్య నుంచి జారింది, బల్ల అంచుకు దొర్లింది.

తర్వాతి సోమవారం మొదటి సగం రెండోదానికంటే పదింతలు అయస్కాంతత్వం చూపించింది. ఒకే పలక, రెండు సగాలు, రెండు లెక్కలు: మరక పడిందన్నమాటే. "ఎవరు పట్టారు?" అని మార్గిట్ అందరి ముందూ అడిగింది. పుస్తకం చూసింది. డెలియా ఆర్విడ్ వైపు చూసింది. అప్పుడు చెప్పి ఉండవచ్చు. నోట్లో బిస్కట్టు ఉంది, దాన్ని మింగి చెబుదామనుకున్నాడు. మింగేలోగా మాట వేరే పలక మీదికి పోయింది. మర్నాడు చెబుదామనుకున్నాడు; మర్నాటికి "నిన్న ఎందుకు చెప్పలేదు" అనే ప్రశ్న కూడా దాని పక్కన వచ్చి కూర్చుంది. వారానికి ఆ రెండోదే పెద్దదైపోయింది. ఎవరో స్టీలు ట్వీజర్‌కు ఎర్ర రిబ్బను కట్టి డెలియా బల్లకు వేలాడదీశారు. ఆర్విడ్ కట్టలేదు. నవ్వాడేమో అతనికి గుర్తులేదు. గుర్తులేకపోవడం మీద అతనికి నమ్మకం లేదు.

వసంతకాలంలో ఆ అమ్మాయి పిహెచ్‌డి వదిలి మాస్టర్స్‌తో వెళ్ళిపోయింది.

"ఇంకొకటి," అంది మార్గిట్, తొక్కను బల్లమీద చుట్టలా పెట్టి. "ఆమె థీసిస్‌లో ఆ ఫలితం ఉంది కాబట్టి మనం మాట్లాడకపోతే దాచినట్టు ఉంటుంది. అనుబంధంలో ఒక వాక్యం రాశాను. 'ఈ ప్రయోగశాలలోనే ఇంతకుముందు కనిపించిన సంకేతం, నమూనాను అజాగ్రత్తగా పట్టుకోవడం వల్ల వచ్చినదిగా తేలింది.' పేరు రాయను. ఏమంటావు, ఆర్విడ్?"

పేరు అక్కర్లేదు. ఆ థీసిస్ ఒక్కటే ఉంది.

"ఆ మాట ఉండాలంటావా?" అన్నాడు ఆర్విడ్.

"నిజమే కదా?"

అతను కాఫీ కప్పు ఎత్తాడు. అది ఖాళీగా ఉంది. అయినా తాగాడు.

కారిడార్‌లో జూలియన్ పక్కన నడుస్తూ గొణిగాడు. "నా పలకలన్నీ ఆమె నోటుబుక్కు చూసి చేసినవే, తెలుసా? కొలిమి వేడి, ఆక్సిజన్ ఒత్తిడి, అన్నీ. ఆ పలకను బొమ్మలో ఉంచితే చేసినవాళ్ళ పేరు కూడా పెట్టాలి. పలక పోతే పేరూ పోతుంది. పుస్తకంలో ఒక్క వరుస వల్ల." కాసేపాగి అన్నాడు, "నువ్వు ఉన్నావు కదా అప్పుడు. నిజంగా అంత అజాగ్రత్త మనిషా?"

"కాదు," అన్నాడు ఆర్విడ్. ఆ ఒక్క మాట అన్నందుకే అతనికి ఏదో గొప్ప పని చేసినట్టు కొంచెం తేలికగా అనిపించింది. ఆ తేలికతనం మెట్లు దిగేదాకా ఉంది.

గురువారం సెలవు పెట్టి సెయింట్ క్లౌడ్ దాకా రెండున్నర గంటలు కారు నడిపాడు. డెలియా ఎక్కడ పనిచేస్తుందో అతనికి తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు. కళ్ళజోడు అద్దాల మీద మెరుపు తగ్గించే పూత వేసే ఫ్యాక్టరీ. ముందురోజు ఫోను చేస్తే ఆమె ఆశ్చర్యపోలేదు. "పదకొండూ నలభైకి అరగంట విరామం," అని మాత్రం అంది.

విరామాల గదిలో రెండు యంత్రాలు, ఒకటి కాఫీది, ఒకటి చిప్స్‌ది. ఆమె తలకు వల టోపీతోనే వచ్చింది. కొంచెం లావయింది. చేతులు కడుక్కుని వచ్చినా మళ్ళీ ఒకసారి కడుక్కుంది. గోళ్ళ కింద బ్రష్‌తో, ఒక్కొక్క వేలు. అలా కడుక్కోవడం ఆర్విడ్ నేర్పిందే.

"చెప్పు, ఆర్విడ్," అంది, అన్నం డబ్బా మూత తీస్తూ.

ఆర్విడ్ అని పిలవమని అతనే కదా ఎన్నోసార్లు చెప్పింది.

అతను దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాడు. వాటిలో ఒక్కటీ అందలేదు. జేబులోంచి జూలియన్ తెచ్చిన గీత ఉన్న కాగితం తీసి బల్లమీద పరిచాడు. ఆమె తినడం ఆపింది. చెంచా పక్కన పెట్టి, వేలిని తుడుచుకుని, ఆ గీత మీద ఎడమ నుంచి కుడికి మెల్లగా కదిలించింది. మూపురం దగ్గర వేలు ఆగింది.

"న్యూట్రాన్లా?"

"అవును."

"ఎవరిది పలక?"

"నీదే. నూట పదిహేడు, రెండో సగం."

కాఫీ యంత్రం దానంతట అదే ఒకసారి గరగరమంది.

"హద్దు దగ్గరేనా? పైన కాదుగా?"

"హద్దు దగ్గరే."

"ఐదు వరుసలకి తగ్గిస్తే పోతుంది కదూ?"

"పోతుంది. జూలియన్ అని ఒక కుర్రాడు చూశాడు. ఐదుకి ఏమీ లేదు."

"అనుకున్నా," అందామె. ముఖం వెలిగింది. ఒక్క క్షణం రెండు కోట్లు వేసుకున్న ఆ అమ్మాయి కనిపించింది. తర్వాత ఆ ముఖం మళ్ళీ మూసుకుంది. "ఇది చూపించడానికి ఇంతదూరం వచ్చావా?"

"కాదు. ఆ మొదటి సగం..." కాగితం అంచును సరిచేశాడు. "దాన్ని నువ్వు ముట్టుకోలేదు. నేను..."

"నీలిపిడి స్టీలు ట్వీజర్," అంది డెలియా.

ఆర్విడ్ తలెత్తాడు.

"కొలిమి గది తలుపుకి అద్దం ఉంది కదా. అందులోంచి చూశా. జారింది, పట్టుకున్నావు. నాకైనా అదే చెయ్యాలనిపించేది. పగిలిపోయేది లేకపోతే."

"తెలుసా నీకు? మరి ఆ రోజు అందరి ముందూ..."

"ఏమని చెప్పాలి? గోడ మీద ఆ అట్ట రాసిన మనిషి స్టీలుతో పట్టుకున్నాడని, కొత్తగా వచ్చిన నేను చెప్పాలా? పుస్తకంలో నా పేరుంది." డబ్బాలో అన్నాన్ని చెంచాతో అటూ ఇటూ జరిపింది. "అదీ కాదు. నువ్వు చెబుతావనుకున్నా. మూడు వారాలు అనుకున్నా. నువ్వు గదిలోకి వచ్చినప్పుడల్లా, ఇదిగో ఇప్పుడు చెబుతాడు అనుకునేదాన్ని. ఒకరోజు వచ్చి, చలిగా ఉందా అని అడిగి, నీ హీటరు తెచ్చి నా బల్ల కింద పెట్టి వెళ్ళావు. ఆ రోజు తెలిసిపోయింది, ఇంక చెప్పవని."

హీటరు సంగతి ఆర్విడ్‌కు గుర్తుంది. ఐదేళ్ళుగా తన తరఫున వాదించుకోవాల్సి వచ్చినప్పుడల్లా అతను ముందుగా బయటికి తీసేది దాన్నే.

"నేను అబద్ధం చెప్పాలని అనుకోలేదు, డెలియా."

"చెప్పలేదుగా. అసలు ఏమీ చెప్పలేదు." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే పట్టుకోవడానికి ఏదైనా ఉండేదని అతనికి అనిపించింది. "తర్వాత ఏం జరిగిందో తెలుసా? రెండేళ్ళకి నాకే అనుమానం వచ్చింది. అద్దంలోంచి సరిగ్గా చూశానా, లేక ఇంకొకరి మీద తోసేద్దామని అలా అనుకుంటున్నానా అని. ఇక్కడ ట్రేలు ఎత్తేటప్పుడు కూడా చేతులు చూసుకునేదాన్ని. అందరూ అజాగ్రత్త మనిషని అంటే, కొన్నాళ్ళకి..." వాక్యం వదిలేసింది.

గంట మోగింది. ఆమె డబ్బా మూత పెట్టింది. సగం అన్నం అలాగే ఉంది.

"కాగితం ఉంచుకో," అన్నాడు ఆర్విడ్.

ఆమె దాని వైపు ఇంకోసారి చూసి, మడతల మీదే మడిచి, అతని వైపు జరిపింది.

"అచ్చు కాలేదు కదా ఇంకా. బయటివాళ్ళ దగ్గర ఉండకూడదు."

శుక్రవారం పొద్దున ఎనిమిదికి ముందే ఆర్విడ్ ల్యాబుకు వచ్చాడు. కాఫీ పోసుకుని, అలవాటుగా ఆ రోజు పుస్తకం తెరిచి, వరుసలు నింపబోయి ఆగాడు. ఇంకా ఏ పనీ జరగలేదు. పెన్ను మూత పెట్టి పుస్తకం మూసేశాడు.

మార్గిట్ గది తాళం అతని దగ్గరుంది. పద్నాలుగో పుస్తకం బల్లమీదే ఉంది, పక్కన ఎండిపోయిన నారింజ తొక్క. పుస్తకాన్ని తన బల్ల దగ్గరికి తెచ్చాడు. దారం ఉన్నచోట తెరిచాడు. డి.ఆర్. ప్లాస్టిక్. మంచి దస్తూరి. తొందర లేని మనిషి రాసినట్టు ఉంది.

ఉత్తరం రాయవచ్చు అనుకున్నాడు. మార్గిట్‌కు విడిగా చెప్పవచ్చు, ఆమె గొడవ చెయ్యదు, వాక్యం తీసేస్తుంది, అంతటితో అయిపోతుంది. ఎవరికీ తెలియకుండా అయిపోతుంది. వచ్చే జూన్‌లో రిటైరయ్యేటప్పుడు కేకు కోస్తారు. ఆ అట్టను చట్రం కట్టించి ఇస్తామని జూలియన్ ఇప్పటికే బెదిరిస్తున్నాడు. నిన్న దారిలో ఈ ఆలోచనలన్నీ చేశాడు. ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒక మూల తనకొక హీటరు దొరుకుతోంది.

కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ మొదటిరోజు అతనే చెప్పే నియమం ఒకటుంది. పుస్తకంలో తప్పు రాస్తే చెరపకూడదు, తెల్లసిరా పుయ్యకూడదు, పేజీ చింపకూడదు. ఒకే గీత కొట్టాలి, కింది మాట చదవగలిగేలా. పైన సరైనది రాయాలి. పక్కన పొడి అక్షరాలు, దిద్దిన రోజు తేదీ. డెలియాకు కూడా చెప్పాడు. ఆమె దాన్ని తన నోటుబుక్కులో రాసుకుంది.

స్కేలు పెట్టి గీత కొట్టాడు. డి.ఆర్. కనిపిస్తూనే ఉంది. పైన రాశాడు: ఎ.కె. స్టీలు. మొదటి సగం మాత్రమే. రెండో సగం ప్లాస్టిక్, పట్టినది ఎ.కె. దాన్ని డి.ఆర్. ముట్టుకోలేదు. పక్కన తన పొడి అక్షరాలు పెట్టాడు.

కారిడార్ చివర మార్గిట్ బూట్ల చప్పుడు, జూలియన్ ఏదో అంటుంటే ఆమె నవ్వు. తేదీ ఒక్కటే మిగిలింది. వరుసకు ముందున్న తేదీ ఐదేళ్ళ కిందటిది. ఈ పేజీ తెరిచిన ఎవరైనా ఆ రెండిటినీ పక్కపక్కన చదువుతారు.

ఆర్విడ్ ఇవాళ్టి తేదీ వేశాడు, సంవత్సరంతో సహా, పూర్తిగా. పుస్తకం మూయకుండా, లోపలికి వచ్చేవాళ్ళకు నేరుగా కనబడేలా, తలుపు వైపు తిప్పి పెట్టాడు.